మార్జిన్‌లో వెళ్ళమని రాసింది నేనే

'సైకిలు తొక్కే ఆడపిల్లలకు పది జాగ్రత్తలు' అనే కరపత్రం మీలో కొందరు చూసే ఉంటారు. పచ్చ కాగితం, ఒకవైపే అచ్చు, పైన రెండు జడలు వేసుకున్న అమ్మాయి సైకిలు మీద వెళ్తున్న బొమ్మ. బందరులో, గుడివాడలో, దివిసీమలో ఆడపిల్లలకు సైకిలు శిక్షణ శిబిరాలు పెట్టినప్పుడల్లా కట్టలుకట్టలుగా పంచాం. ఒకటి రెండు సంస్థలు దాన్నే తిరిగి అచ్చు వేసుకుని పంచాయి కూడా. ఆ పది జాగ్రత్తలూ రాసింది నేను. కాబట్టి వాటి మీద విమర్శ కూడా నేనే రాయడం సబబు.

మొదటి జాగ్రత్త: ఎప్పుడూ రోడ్డు మార్జిన్‌లోనే వెళ్ళాలి. రెండోది: వెనక పెద్ద బండి హారన్ కొడితే దిగి పక్కన నిలబడాలి. మూడోది: సీటు బాగా కిందికి దింపించుకోవాలి, రెండు పాదాలూ నేలకి ఆనాలి. ఆ తర్వాత ఒంటరిగా వెళ్ళవద్దు, చీకటి పడకముందే ఇల్లు చేరాలి, ఎవరేమన్నా తిరిగి సమాధానం చెప్పవద్దు... ఇలా పది. ఇప్పుడు చదువుతుంటే ఇవి సైకిలు గురించి రాసినట్టు లేవు. మా నాయనమ్మ నాకు చెప్పిన బుద్ధులకి రెండు చక్రాలు తగిలించినట్టున్నాయి.

దివిసీమలో అవనిగడ్డకి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ఊరి అమ్మాయి మా శిబిరంలోనే సైకిలు నేర్చుకుంది. ఇంటర్ మొదటి సంవత్సరం. రోజూ అవనిగడ్డ వెళ్ళి వచ్చేది. వరి కోతలయ్యి రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోసి ఉన్న రోజులు. ఒక సాయంత్రం వెనక ట్రాక్టరు వస్తుంటే మేం చెప్పినట్టే మార్జిన్‌కి జరిగింది. తారు అంచు దాటి ముందు చక్రం కిందికి జారింది. మళ్ళీ పైకి ఎక్కించబోయింది. చక్రం ఎక్కలేదు. మనిషి మాత్రం కుడివైపుకి, రోడ్డు మీదికి పడిపోయింది. ట్రాక్టరతను బ్రేకు వేయబట్టి బతికింది. భుజం దగ్గర ఎముక విరిగింది.

నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మంచం పక్కన నేల మీద కూర్చుని, "మీరిచ్చిన కాగితంలో ఉన్నట్టే ఎళ్ళిందమ్మా. పక్కకే పోయింది. ఇంకెంత పక్కకి పోవాలి?" అని అడిగింది.

ఆ అమ్మాయి చదువు ఆగిపోయింది. సైకిలు ఇప్పుడు ఆమె తమ్ముడు తొక్కుతున్నాడు. సీటు పైకి లేపించుకున్నాడు.

ఇంకెంత పక్కకి పోవాలి అన్నది అలంకారానికి అడిగిన ప్రశ్న కాదు. కృష్ణా డెల్టాలో రోడ్డు మార్జిన్ ఎలా ఉంటుందో ఆ ఊళ్ళ మనుషులకి తెలిసినట్టుగా కరపత్రాలు రాసే మనకి తెలియదు. మనం జీపుల్లో, కార్లలో వెళ్తాం. ఇక్కడి నేల నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. దాని మీద వేసిన రోడ్డు అంచుల దగ్గర ముందుగా చిట్లుతుంది. బాగుచేసిన ప్రతిసారీ పాత తారు మీదే కొత్త తారు పోస్తారు. రోడ్డు ఎత్తు పెరుగుతుంది. పక్కనున్న మట్టి మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. దాన్ని తారుతో సమానంగా మట్టి పోసి ఎత్తు చెయ్యడం బిల్లులో ఉంటుందేమో గాని రోడ్డు మీద అరుదుగా కనిపిస్తుంది. అలా తారుకీ మట్టికీ మధ్య బెత్తెడు, కొన్నిచోట్ల జానెడు మెట్టు తయారవుతుంది. కారుకి అది లెక్కలోది కాదు. సన్నటి సైకిలు చక్రానికి అది గోడ. ఒకసారి చక్రం కిందికి దిగిందా, పక్కనుంచి మెల్లగా ఎక్కిద్దామని హ్యాండిలు తిప్పితే చక్రం ఆ గోడని రాసుకుంటూ పోతుంది తప్ప ఎక్కదు. మనిషి బరువు రోడ్డు వైపుకి ఒరుగుతుంది. అంటే వెనక వస్తున్న బండి ముందుకి. మార్జిన్‌లో వెళ్ళే మనిషి బండి కిందకి పడే తీరు ఇది. భద్రంగా ఉండాలని వెళ్ళిన చోటే ఇలా జరుగుతుంది.

అది దివిసీమ సంగతి. గుడివాడ వైపు నందివాడ, ముదినేపల్లి రోడ్లలో ఇంకో రకం. అక్కడ రోడ్డు పక్కన పొలం ఉండదు, చేపల చెరువు ఉంటుంది. చెరువు గట్టుకీ రోడ్డుకీ మధ్య మిగలాల్సిన జాగా మిగలదు. నీళ్ళు కోసుకుపోయి బెర్ము జారుతుంది. చేపల లోడుతో వెళ్ళే లారీల నుంచి నీళ్ళు కారి రోడ్డు తడిసి ఉంటుంది. రాత్రి వీధి దీపం ఉండదు. ఆ రోడ్డు మీద ట్యూషన్ నుంచి వచ్చే తొమ్మిదో తరగతి పిల్లని ఇంకాస్త ఓరకి వెళ్ళమంటే చెరువులోకి వెళ్ళమన్నట్టే. ఇక విజయవాడ నుంచి బందరు వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరసలయ్యాక మరో చిక్కు వచ్చింది. మధ్యలో డివైడరు, దానికి సందులు దూరదూరంగా. బడి రోడ్డుకి అవతల ఉన్న పిల్ల న్యాయంగా వెళ్ళాలంటే ముందు వెనక్కి వెళ్ళి సందు దగ్గర తిరిగి రావాలి. అలా ఎవరూ వెళ్ళరు. ఎదురుగా వచ్చే బళ్ళకి ఎదురు తొక్కుతారు. దాన్ని మనం రాంగ్ రూట్ అంటాం. ఆ దారి వేసినప్పుడు ఆ పిల్ల బడి ఎటువైపు ఉందో చూడని తప్పుకి ఒక పేరంటూ లేదు.

మరి ఎలా తొక్కాలి? ఇన్నేళ్ళు ఈ ప్రశ్నని సరిగ్గా అడగనందుకు సిగ్గుపడుతున్నాను. రోజూ సైకిలు తొక్కే మగవాళ్ళని, పాలు పోసేవాళ్ళని, పేపరు వేసే కుర్రాళ్ళని చూడండి. అనుభవం ఉన్నవాళ్ళెవరూ అంచు పట్టుకుని వెళ్ళరు. మామూలు రెండు వరసల రోడ్డు మీద తారు అంచుకి మూడడుగులు లోపల వెళ్తారు. అలా వెళ్తే గుంత వస్తే తప్పించుకోడానికి ఎడమవైపు చోటు మిగులుతుంది. వెనకవాడికి ఎదురుగా ఒక మనిషి ఉన్నట్టు కనిపిస్తుంది. పక్కనుంచి దూరిపోలేనని తెలిసి వేగం తగ్గిస్తాడు, లేదా సరిగ్గా పక్క వరసలోకి వెళ్ళి దాటుతాడు. అంచుకి అంటుకుపోతే వాడు మనం లేనట్టే వెళ్తాడు. పెద్ద రహదారి మీద తెల్లగీత అవతల చదునైన తారు భుజం ఉంటే అది వేరు, అక్కడ దాని మీదే వెళ్ళాలి. అయితే అక్కడ ఆగిన లారీని దాటడానికి రోడ్డులోకి వచ్చేటప్పుడు ముందుగా భుజం మీదుగా వెనక్కి చూసి, చెయ్యి చూపించి, అప్పుడు రావాలి. చక్రం అంచు దిగితే తొక్కుతూ ఎక్కించే ప్రయత్నం చెయ్యకూడదు. బ్రేకు వేసి, దిగి, ఎత్తి పెట్టుకోవాలి. గుడివాడ లాంటి చోట్ల రైలు గేటు దగ్గర పట్టాలని ఏటవాలుగా కాక నిటారుగా అడ్డంగా దాటాలి, లేకపోతే చక్రం పట్టా సందులో ఇరుక్కుంటుంది. ఇసక మీద ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు.

వీటిలో ఒక్కటీ మా పది జాగ్రత్తల్లో లేదు! మా శిబిరాల్లో బడి మైదానంలో గుండ్రంగా తిప్పి నేర్పాం. వెనక్కి చూడటం నేర్పలేదు. ఒక చేత్తో హ్యాండిలు పట్టుకోవడం నేర్పలేదు. వెనక్కి చూడటం గురించి ఒక మాట. వీధిలో వెనక్కి తిరిగి చూడకూడదని, చూస్తే కుర్రాళ్ళు వేరే అర్థం తీస్తారని చెప్పి చెప్పి పెంచిన పిల్లలు సైకిలు మీద కూడా మెడ తిప్పరు. మొదటిరోజు 'వెనక్కి చూడండమ్మా' అంటే సిగ్గుపడి నవ్వుతారు. సైకిలు తొక్కేటప్పుడు ప్రాణం కాపాడే అలవాటు అది. దాన్నే మర్యాద పేరుతో తీసేశాం.

నాకు ఇవన్నీ కొత్తగా తెలిశాయని కూడా అనలేను. 1992లో, పదమూడేళ్ళప్పుడు, గుడివాడలో అద్దె సైకిలు మీద నేర్చుకుంటూ నేనూ సైడు కాలవలో పడ్డాను. వెనక బస్సు వస్తుంటే పక్కకి, ఇంకా పక్కకి జరిగి. మోచెయ్యి చీరుకుపోయింది. మా అన్నయ్య అప్పటికి నాలుగుసార్లు పడ్డాడు. ప్రతిసారీ ఇంట్లో 'నేర్చుకుంటున్నాడు' అన్నారు. నేను ఒక్కసారి పడితే 'ఇక చాల్లే' అన్నారు. మా నాన్న మంచివాడే. ప్రేమతోనే అన్నాడు. మళ్ళీ సైకిలు ఎక్కింది హైదరాబాదులో రీసెర్చి చేసేటప్పుడు, పాతికేళ్ళు దాటాక. ఈ మధ్యలో నేను వెళ్ళని చోట్లెన్నో, చెయ్యని పనులెన్నో. పడటం మగపిల్లాడికి చదువులో భాగం, ఆడపిల్లకి చదువు ఆపడానికి కారణం.

నేను గుడివాడలో పడిన ఆ కాలంలోనే పక్క రాష్ట్రం తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో వేలాదిమంది ఆడవాళ్ళు సైకిళ్ళెక్కారు. 1991లో అరివొళి ఇయక్కం అనే అక్షరాస్యతా ఉద్యమం సైకిలు నేర్చుకోవడాన్ని కూడా అక్షరాస్యతలో భాగం చేసింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ దాన్ని ముందుకు నడిపారు. 1992 మహిళా దినోత్సవం తర్వాత ఆ జిల్లా మునుపటిలా లేదని పాలగుమ్మి సాయినాథ్ రాశారు. వ్యవసాయ కూలీలు, క్వారీ కూలీలు, గ్రామీణ నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు దొరక్కపోతే జెంట్స్ సైకిళ్ళే కొన్నారు. కొందరికి అవే నచ్చాయట, ముందున్న కడ్డీ మీద పిల్లని కూచోబెట్టుకోవచ్చని. ఆ వివరం నాకు చాలా ఇష్టం. ఆడవాళ్ళకి ఏది సౌకర్యమో ఆడవాళ్ళని అడిగితేనే తెలుస్తుంది. మనకి ఆ కాలంలోనే నెల్లూరులో అక్షరాస్యతా ఉద్యమం నుంచి సారా వ్యతిరేక పోరాటం పుట్టింది. దూబగుంట పేరు దేశమంతా విన్నది. సైకిలు మాత్రం మన ఉద్యమాల ఎజెండాలోకి రాలేదు. చిన్న విషయం అనుకున్నాం.

సౌకర్యం అన్న మాట వచ్చింది కాబట్టి సీటు దగ్గరికి వద్దాం. మా మూడో జాగ్రత్త చేసిన హాని ఎంతో అంచనా కట్టలేను. సీటు కిందికి దింపితే పిల్ల పడబోయేటప్పుడు కాళ్ళు ఆనించుకోవచ్చని తల్లిదండ్రుల ఆశ. నేర్చుకునే మొదటి వారం వరకు అది నిజమే. ఆ తర్వాత అదే సీటు మీద ఆరు కిలోమీటర్లు తొక్కితే మోకాళ్ళు ఎప్పుడూ మడిచే ఉంటాయి. తొడల బలం పెడలుకి చేరదు. మోకాళ్ళు నొప్పి, నడుము నొప్పి. వేగం రాదు, వేగం లేని సైకిలు ఊగుతుంది. ఊగే సైకిలు మీద వెళ్తున్న పిల్లని చూసి 'దీనికి సైకిలు రాదు' అంటారు. సీటు మీద కూచుని, మడమ కిందనున్న పెడలు మీద పెడితే కాలు చాపినట్టుగా ఉండాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతుంటే మోకాలు కొంచెం మడిచినట్టుంటుంది. ఆగినప్పుడు సీటు మీంచి ముందుకి దిగి కాలు ఆనించాలి. ఇది ఒక్క పూటలో నేర్పగలిగిన సంగతి.

సీటు ముక్కు పైకి లేచి ఉంటే ఆడవాళ్ళకి ఎంత బాధో ఎవరూ పైకి చెప్పరు. శిబిరాల్లో రెండు మూడు రోజులయ్యాక ఒకళ్ళిద్దరు మానేస్తారు. అడిగితే 'ఒంట్లో బాగోలేదు మేడమ్' అంటారు. విడిగా కూచోబెట్టి అడిగితే ఒరుసుకుపోయిందని, మంటగా ఉందని, ముట్టు రోజుల్లో మరీ కష్టంగా ఉందని చెప్తారు. చాలామంది ఆడవాళ్ళకి కూచునే ఎముకల మధ్య ఎడం మగవాళ్ళకంటే ఎక్కువ. సన్నటి సీటు మీద ఆ ఎముకలు ఆనవు, మెత్తటి భాగం మీద బరువు పడుతుంది. సీటుని నేలకి సమాంతరంగా తిప్పి బిగిస్తే చాలావరకు తగ్గుతుంది. వెడల్పు సీటు వేస్తే ఇంకా తగ్గుతుంది. ఒక స్పానరుతో పోయే బాధని 'ఆడవాళ్ళ ఒంటికి సైకిలు పడదు' అనే సిద్ధాంతంగా తరతరాలు మోశాం. కన్నెపొర చిరుగుతుందని, గర్భసంచి జారుతుందని ఇప్పటికీ చెప్పే పెద్దవాళ్ళున్నారు. పంతొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లండులో, అమెరికాలో డాక్టర్లే ఇలాంటి మాటలు చెప్పారు, సైకిలు తొక్కితే ఆడవాళ్ళ మొహం పాడవుతుందని ఆ జబ్బుకి పేరు కూడా పెట్టారు. గర్భసంచి సంగతి అంటారా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగి నాట్లు వేసే ఆడవాళ్ళ గర్భసంచి గురించి ఈ పెద్దలెవరూ బెంగపెట్టుకోగా నేను చూడలేదు.

బట్టల గురించి కూడా చెప్పాలి. చున్నీ గాలికి ఎగిరి వెనక చక్రం చువ్వల్లో చుట్టుకుంటే మెడకే ప్రమాదం. అది ప్రతి బడికీ తెలుసు. అయినా యూనిఫారంలో చున్నీ తప్పనిసరి, పిన్నులతో మడిచి పెట్టుకోవాల్సింది పిల్ల. నేను వెళ్ళిన ఒక బడిలో సైకిలు మీద వచ్చే పిల్లల్ని గేటు దాకా చున్నీ బ్యాగులో పెట్టుకోనివ్వండి అని అడిగితే 'రోడ్డు మీద బాగుంటుందా మేడమ్?' అన్నారు. రోడ్డు మీద ఏది బాగుంటుంది? చైను కవరు లేని సైకిలు, డ్రెస్ గార్డు లేని చక్రం, వెనక ఎర్ర రిఫ్లెక్టరు లేని మడ్‌గార్డు, ఇవి ఎవరికీ బాగోలేనట్టు కనిపించవు.

బైకుల మీద వచ్చి భుజం తగిలించి పోయే కుర్రాళ్ళ సంగతి మన పత్రికలో చాలాసార్లు చర్చించాం. నేను చెప్పదలుచుకున్నది ఒకటే. అది వేధింపు మాత్రమే కాదు, రోడ్డు ప్రమాదం కూడా. వాడు కుడివైపు నుంచి దగ్గరగా వస్తాడు, పిల్ల ఎడమకి జరుగుతుంది, ఎడమ పక్కన ఏముందో పైన రాశాను. కాని పడిపోతే పోలీసు స్టేషన్లో అది వేధింపు కేసూ కాదు, ప్రమాదం కేసూ కాదు. బండి తగల్లేదు కదా. తనంతట తనే పడింది.

లెక్కల దగ్గర మన పోరాటం ఇక్కడే మొదలవ్వాలని నా అభిప్రాయం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయినట్టు కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్తోంది. ఆ నివేదికలో సైకిలు మీద చనిపోయినవాళ్ళకి ఒక గడి ఉంది. భుజం విరిగి చదువు మానేసిన పిల్లకి గడి లేదు. భయపడి సైకిలు అమ్మేసిన తల్లికి గడి లేదు. ఇంకా విచిత్రం చూడండి. సైకిలు దారులు ఎలా వెయ్యాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సిఫారసులు ప్రచురించింది. రద్దీ వేళ గంటకి 400 సైకిళ్ళు, వాటితోపాటు 100 నుంచి 200 దాకా మోటారు బళ్ళు వెళ్ళే దారిలో విడిగా సైకిలు దారి వెయ్యవచ్చని అందులో ఉంది. వినడానికి సబబుగానే ఉంది. కాని ఆ లెక్క తొక్కుతున్నవాళ్ళని లెక్కపెడుతుంది. రోడ్డు ప్రమాదంగా ఉంది కాబట్టి ఆడపిల్లలు తొక్కరు. ఆడపిల్లలు తొక్కరు కాబట్టి సైకిళ్ళు తక్కువ. సైకిళ్ళు తక్కువ కాబట్టి దారి అక్కర్లేదు. ఒక సమావేశంలో ఒక ఇంజనీరు గారు నాతో ఇదే అన్నారు, కోపంగా కాదు, జాలిగా: 'ఆ రోడ్డు మీద లేడీస్ సైకిళ్ళు ఎక్కడున్నాయండీ?' ఈత రానివాళ్ళు ఏరు దాటుతున్నారేమో లెక్కపెట్టి వంతెన కట్టాలా వద్దా అని తేల్చుకునే పద్ధతి ఇది.

సైకిళ్ళు ఇవ్వలేదని నేను అనడం లేదు. బీహారులో 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకి సైకిలు కొనుక్కోడానికి డబ్బివ్వడం మొదలుపెట్టారు. దాన్ని కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. హైస్కూల్లో సరైన వయసులో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది, మగపిల్లలకీ వాళ్ళకీ మధ్య ఉన్న తేడా 40 శాతం తగ్గింది. ఎక్కువ లాభం కలిగింది బడి మూడు కిలోమీటర్లు, అంతకంటే దూరం ఉన్న ఊళ్ళ పిల్లలకి. మన రాష్ట్రంలోనూ 2019కి ముందు 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ బడుల్లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకి సైకిళ్ళు పంచారు. బడి వరండాల్లో వరసగా నిలబెట్టి ఫోటోలు తీశారు. ఆ సైకిళ్ళలో ఎన్ని ఆ ఇళ్ళలో మగవాళ్ళ చేతికి పోయాయో, ఎన్ని పంక్చరు పడి మూలన పడ్డాయో చూసే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. ఇచ్చినవాళ్ళూ తీసుకోలేదు, మనమూ తీసుకోలేదు. మన రిపోర్టుల్లోనూ 'శిక్షణ పొందిన బాలికలు' అన్న అంకె ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఇంకా తొక్కుతున్న బాలికలు అన్న అంకె ఉండదు. నిధులిచ్చేవాళ్ళు అడగలేదు, మనం రాయలేదు.

'ఇంకా సైకిలేమిటి, అందరూ స్కూటీలెక్కుతుంటే?' అని మన సమావేశాల్లోనే అడుగుతున్నారు. స్కూటీలెక్కుతున్నది ఎవరు? కోనేరు సెంటర్లో నిలబడి చూస్తే కనిపించేవాళ్ళు. ఎనిమిదో తరగతి పిల్లకి లైసెన్సు రాదు. చిలకలపూడిలో ఇంటి దగ్గర రోల్డుగోల్డు గొలుసులు అల్లి సరుకు అప్పగించడానికి నడిచి వెళ్ళే ఆడవాళ్ళ దగ్గర, పెడనలో కలంకారీ బట్ట ఉతికే ఆడవాళ్ళ దగ్గర పెట్రోలుకి డబ్బుండదు. ఉన్నా ఆ డబ్బు అడిగి తీసుకోవాలి. సైకిలుకి గాలి చాలు. ఆటోలున్నాయి కదా అంటారు. నాట్లకీ కోతలకీ వెళ్ళే కూలీ ఆడవాళ్ళని ఆటోలో ఎంతమందిని కుక్కుతారో, అది బోల్తా పడితే పేపర్లో ఏం రాస్తారో మనకి తెలుసు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చింది, మంచిదే. కాని బస్సు మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది. లోపలి ఊరి నుంచి, ముఖ్యంగా ఊరి చివర పల్లె నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న మూడు కిలోమీటర్లకి టికెట్టు లేదు, బస్సూ లేదు.

పల్లె అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. మా శిబిరంలో పడి చదువు మానేసిన అమ్మాయి దళిత పల్లె పిల్ల. వాళ్ళ తాత కాలంలో మగవాళ్ళు కూడా పెద్దకులాల వీధిలో సైకిలు దిగి నడిపించుకుని వెళ్ళేవాళ్ళని ఆమె అమ్మమ్మ చెప్పింది. బండి వస్తే దిగి పక్కన నిలబడమన్న మా రెండో జాగ్రత్త ఆ అమ్మమ్మ చెవికి ఎలా వినిపించి ఉంటుందో రాసేటప్పుడు నాకు తట్టలేదు. తట్టకపోవడానికి కారణం నా పుట్టుక. నేను పుట్టిన వీధిలో ఎవరూ ఎవరి ముందూ దిగనక్కర్లేదు.

చట్టం ఏమంటోంది? మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 198ఏ అనే సెక్షన్ చేరింది. రోడ్డు డిజైను, నిర్మాణం, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించని అధికారి, కాంట్రాక్టరు, కన్సల్టెంటు ఎవరైనా సరే, దానివల్ల ప్రాణం పోయినా, అంగవైకల్యం వచ్చినా లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. లక్ష తక్కువే. కాని రోడ్డు వేసినవాడు కూడా నేరస్తుడు కావచ్చని మొదటిసారి ఒప్పుకున్న సెక్షన్ అది. అదే సవరణలో 138 సెక్షన్‌కి ఇంకో ముక్క కలిపారు. మోటారు లేని బళ్ళు, నడిచేవాళ్ళు రోడ్డు మీద ఎలా మెలగాలో, ఎక్కడికి రావచ్చో రాష్ట్ర ప్రభుత్వాలు నియమాలు చెయ్యవచ్చట. ఈ అధికారం రెండువైపులా తెగుతుంది. దీంతో సైకిలుకి దారి ఇవ్వవచ్చు, ఈ రోడ్డు మీదికి సైకిళ్ళు రాకూడదని బోర్డు కూడా పెట్టవచ్చు. మనం మాట్లాడకపోతే రెండోదే జరుగుతుంది, అది కూడా భద్రత పేరుతోనే.

నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్ల మీద 3,000 మందికి పైగా చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. అక్కడి తల్లిదండ్రులు పిల్లలకి జాగ్రత్తలు అచ్చు వేసి ఊరుకోలేదు. 'పిల్లల హత్యలు ఆపండి' అని ఉద్యమం పెట్టి వీధులకి అడ్డంగా కూచున్నారు. ఇవాళ ఆ దేశంలో ఆడవాళ్ళు మగవాళ్ళకంటే ఎక్కువగా సైకిలు తొక్కుతారు. అక్కడి ఆడవాళ్ళు పుట్టుకతో ధైర్యవంతులు కారు. అంత దూరం ఎందుకు, చల్లపల్లిలో 2014 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు తెల్లవారుజామునే లేచి ఊరి రోడ్ల పక్కన చెత్త తీసి, మొక్కలు నాటుతున్నారు. మార్జిన్ అనేది ఎవరికీ పట్టని జాగాగా ఉండాలని రాసిపెట్టి లేదు. అయితే పౌరులు చీపురు పట్టి చేసే పనిని ప్రభుత్వ శాఖ మట్టి పోసి చెయ్యాలి కదా అని అడగడం కూడా మన పనే.

పాత కరపత్రం ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే పంచకండి. కొత్తది రాస్తున్నాను. దానికి రెండు వైపులా అచ్చు ఉంటుంది. ఒకవైపు తొక్కేవాళ్ళకి: సీటు, గాలి, బ్రేకులు, అంచుకి మూడడుగులు, వెనక్కి చూడటం. రెండోవైపు రోడ్లు, భవనాల శాఖకి, జాతీయ రహదారుల వాళ్ళకి, పంచాయతీరాజ్ ఇంజనీర్లకి, బడి హెడ్మాస్టర్లకి: అంచు మెట్టు తీసెయ్యాలి, బడి ఎదురుగా డివైడరులో దారి ఉండాలి, చెరువు పక్క రోడ్డుకి కట్టు ఉండాలి, లోపలి ఊళ్ళ రోడ్లకి దీపాలు ఉండాలి, యూనిఫారంలో చున్నీ పిల్ల ఇష్టం. మా సంస్థలో ఒక మిత్రురాలు 'ఆ రెండోవైపు పిల్లలకి ఎందుకు పంచడం?' అని అడిగింది. తాను పడటం తన తప్పు కాదని పిల్లకి తెలియాలి గదా.

దీనికి మీ సాయం కావాలి. మీరు పనిచేసే ఊళ్ళో ఆడపిల్లలు బడికి వెళ్ళే దారిలో ఒక కిలోమీటరు నడవండి. వంద అడుగులకొకసారి ఆగి తారు అంచుకీ మట్టికీ మధ్య ఎత్తు టేపుతో కొలవండి. దర్జీ టేపు చాలు. అంగుళాల్లో రాయండి. ఆ దారిలో పోయినేడు సైకిలు మీద వెళ్ళి ఈ ఏడు మానేసిన ఆడపిల్లలు ఎందరో బడిలో అడిగి పక్కన రాయండి. ఊరి పేరు, రోడ్డు పేరు, తేదీ చాలు, పిల్లల పేర్లు వద్దు. పత్రిక చిరునామాకి పంపండి. అవనిగడ్డ దారిలో నేను కొలిచాను. ఆ అమ్మాయి పడిన చోట ఏడంగుళాలు ఉంది.